ఆడచేపల బకెట్టు

ఓడెన్సే ఊళ్ళో ఒక ఇంటి నేలమాళిగ. నాన్న ఆసుపత్రిలో ఉంటే, ఆయన పెంచే కిల్లీ అనే చిన్న రంగుచేపల తొట్టెలు అక్కాతమ్ముళ్ళు కడుగుతున్నారు.

“బంగారు రకం ఆడవాటినీ, నీలం రకం ఆడవాటినీ ఒకే బకెట్లో పోశావా?”

“అన్నీ మట్టిరంగేగా అక్కా! మగవాటిని విడిగానే ఉంచాను.”

“గొప్ప తెలివే! మగవాటిని రంగు చూసి ఎవరైనా పోల్చుకుంటారు. ఇప్పుడు ఈ ఆడవాటిలో ఏది ఏ రకమో నాన్న కూడా చెప్పలేరు. ఆ బంగారు రకం ఇంకెవరి దగ్గరా లేదురా.”

“చచ్చాను. రేపే ఇంటికొస్తున్నారు.”

“ఆగు, ఏడవకు. బంగారు తొట్టెలో ఊలు కుచ్చు ఉండాలి. నువ్వు కలపకముందు పెట్టిన గుడ్లు దానికే అంటుకుని ఉంటాయి. అవి చాలు, రకం నిలుస్తుంది. ఎక్కడ పెట్టావు?”

“పాచిపట్టి ఉందని... తువ్వాళ్ళతో పాటు వేశాను.”

“వాషింగ్ మెషిన్లోనా?”

“పైన తిరుగుతోంది. అక్కా, నాన్నకి ఈ సంగతి నువ్వే చెప్పవూ?”