రెండు పాత కార్లూ, నడిపి చూసిన బాబాయీ

"ఆ ఫోను పక్కన పెట్టమ్మా, టీ చల్లారిపోతోంది. కార్ల సంగతి నాకొదిలెయ్. పాత కారు కొనడమంటే ఆషామాషీ అనుకున్నావా? పైన రంగు చూసి మురిసిపోతే లోపల ఇంజను ఏడుస్తుంటుంది. అందుకే నిన్న నీకోసం రెండూ నేనే నడిపి చూశాను. ఎర్రదీ, తెల్లదీ. రెండూ పన్నెండేళ్ళవే, రెండూ బుల్లి కార్లే. కానీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా!"

ఆ వీధిలో అందరికీ ఆయన బాబాయే. టీకొట్టు బల్ల సగం ఆక్రమించి కూర్చున్నాడు. ఎదురుగా నర్సు కూర్చోలేక, లేవలేక ఉంది. రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సులుండవు. మొన్న నడిచొస్తుంటే ఎవడో ఆసుపత్రి గేటు నుంచి సందు మొదటిదాకా వెంటపడ్డాడు. అందుకే కారు. ఎర్ర కారాయనకి ఇంకో బేరం వచ్చిందట, మధ్యాహ్నంలోగా మాట చెప్పమన్నాడు.

"ఇంతకీ ఏది కొనమంటావు బాబాయ్?"

"చెప్తున్నాగా! ముందు తెల్లది తీశాను. తెలిసినవాళ్ళదేలే. క్లచ్ మీద కాలు పెట్టానో లేదో, వెన్నలా దిగిపోయింది. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తు తెలుసుగా, లారీలే ఆయాసపడతాయి. నేను మూడో గేర్లోనే ఎక్కించేశాను."

"మూడో గేర్లోనా? ఎక్కుతుందేమోలే," అన్నాడు టీకొట్టతను గ్లాసులు కడుగుతూ.

"ఎక్కుతుందేమో ఏంటయ్యా! పైకెళ్ళాక చూసుకుంటే అది మూడు కాదు, నాలుగు. ఇంకా నయం, ఐదు వెయ్యలేదు. వేసుంటే దిగడానికి నిచ్చెన కావాల్సొచ్చేది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దిగేటప్పుడు బ్రేకు చూద్దామని ఒక్క నొక్కు నొక్కాను. కారు ఠక్కున ఆగింది. నేనూ ఆగాను. వెనకాల లేచిన దుమ్ము మాత్రం ఆగలేక నన్ను దాటి ముందుకెళ్ళిపోయింది!"

నర్సు ఫోను మోగింది. చూసి, పెదవి కొరుక్కుంది. "ఎర్ర కారాయనే. ఏం చెప్పను?"

"మోగనివ్వమ్మా, ఫోనుకేం నోరు నొప్పెడుతుందా? అసలు సంగతి విను, మైలేజీ! ట్యాంకు సగముంది. పక్క ఊరిదాకా వెళ్ళొచ్చాను. వచ్చి చూస్తే ముల్లు సగం దగ్గరే ఉంది."

"ముల్లు పాడైందేమో," అన్నాడు మూల బల్ల మీద కూర్చున్న దర్జీ. కత్తెరకి నూనె రాసుకుంటున్నాడు, తలెత్తలేదు.

"నాకూ అదే అనుమానమొచ్చింది! అందుకే బంకుకి తీసుకెళ్ళాను. అతను మూత తీసి లోపలికి చూసి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. పెట్రోలు అంచుదాకా తొణుకుతోందట! నడిపినకొద్దీ ఊరుతోందమ్మా, బావిలో జలలాగా! 'ఇలాంటివి నాలుగుంటే నేను బంకు మూసుకోవాలి, దండం పెడతాను, వెళ్ళిపోండి' అన్నాడు. వెళ్ళిపోదామని పక్కకి తిరిగితే కారేదీ? లేదు! నేను ఎక్కకముందే బయల్దేరిపోయింది. దాని వెనక నేను పరుగు. మలుపులో సిగ్నలు పడితే ఆగిందమ్మా, బుద్ధిమంతురాలు!"

టీకొట్టతను నవ్వు ఆపుకోలేక చేతిలో గ్లాసు జారవిడిచాడు. నర్సుకి నవ్వు రాలేదు. బల్ల అంచు మీద వేళ్ళు టకటకలాడిస్తోంది.

"అది సరే బాబాయ్, ఎర్రది ఎలా ఉంది? అది చెప్పు."

"ఎర్రదా?" బాబాయి మూతి విరిచాడు. "ఏముందమ్మా దాంట్లో? తలుపు కింద కాస్త తుప్పు. పాటల డబ్బా పనిచెయ్యదు. తాళం తిప్పితే స్టార్టవుతుంది, బ్రేకు నొక్కితే ఆగుతుంది, పోసినంత తాగుతుంది. అంతే! చెప్పుకోడానికి ఒక్క కథ లేదు. చప్పిడి బండి."

దర్జీ ఇప్పుడు తలెత్తాడు.

"బాబాయ్, ఆ తెల్లది మీ బావమరిదిదే కదూ? వారం నుంచీ మీ ఇంటి వెనకే ఉంటోంది."

నర్సు వేళ్ళు ఆగిపోయాయి.

"అయితే ఏం? బావమరిదిదైతే ఇంజను మారిపోతుందా?"

"ఇంజను సంగతి నాకేం తెలుసు? పొద్దున కొట్టు తెరుస్తుంటే మీరిద్దరూ చెమటలు కక్కుతూ దాన్ని వెనకనుంచి తోస్తూ కనబడ్డారు."

బాబాయి టీ ఒక గుటక వేశాడు. ఒక్క గుటకే. అంతలోనే తేరుకున్నాడు.

"తొయ్యడమేంటయ్యా, పిచ్చివాడా! అది పొగరుబోతు బండి. పొద్దున్నే పరుగందుకుంది. వెళ్ళిపోకుండా ఇద్దరం కలిసి వెనక్కి లాగుతున్నాం!"

"ఓహో, లాగుతున్నారా? మరి స్టీరింగు ముందు కూర్చున్న పిన్నిగారి మీద, 'సెకండ్ గేరు వెయ్యవే, వెయ్యి, క్లచ్ వదులు, నా నడుం పోతోంది' అని అరిచారెందుకు?"

బాబాయి ఇంకో కథకి నోరు తెరిచాడు.

నర్సు అప్పటికే రోడ్డు మీద ఉంది, ఫోను చెవికి పెట్టుకుని. "హలో, అన్నా, ఎర్ర కారు నేనే తీసుకుంటాను. ఎవరికీ ఇవ్వకండి, వచ్చేస్తున్నా!"