మా నాయన కొట్టిన మందు

నా పేరు నేత్రావతి. తండ్రి శ్రీనివాసప్ప. వయసు ఇరవై మూడు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. యలహంక పాత ఊళ్ళో మా అమ్మానాయనలతో ఉంటాను. దేవనహళ్ళి అవతల హిమరాగ ఫ్లోరా అనే గులాబీ తోట ఆఫీసులో రికార్డులు రాస్తాను. ఏడాదిన్నరలో ఇది నా మూడో ఉద్యోగం. ఫిర్యాదులో నన్ను 'నిలకడ లేని మనిషి' అని రాశారట, అందుకని ఆ సంగతి నేనే ముందు చెబుతున్నాను.

నాకు కన్నడం రాయడం వచ్చు. అయినా ఎస్.ఐ. సహన మేడం అనుమతితో ఇది తెలుగులో నా చేత్తో రాస్తున్నాను. ఈ కేసు మొత్తం ఒక తెలుగు మాట మీద నడుస్తోంది.

2025 ఆగస్టు 7 సాయంత్రం ఆఫీసు బీరువాలోంచి పనివాళ్ళ వైద్య పరీక్షల రిజిస్టరు దొంగిలించానని మేనేజరు గిరిధర్ గారు ఫిర్యాదు చేశారు. తీసిన మాట నిజం. ఎందుకు తీశానో వరసగా చెబుతాను.

మా నాయన అదే తోటలో పదకొండేళ్ళుగా మందు కొట్టే పని చేస్తున్నాడు. మందు అంటే పురుగుమందు. మా ఇళ్ళల్లో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. తాగేదాన్ని మేము సారాయి అంటాం, బ్రాంది అంటాం, కుర్రాళ్ళు కన్నడంలో ఎణ్ణె అంటారు. మందు అనం. మా నాయన తాగడు. మా తాత తాగి తాగి పోయాడు కాబట్టి పెళ్ళిళ్ళలో కూడా తాగేవాళ్ళ పక్కన కూర్చోడు.

ఆగస్టు 6, బుధవారం, ఉదయం ఆరు నుంచి ఏడో నంబరు పాలీహౌసులో, ఆ ప్లాస్టిక్ కప్పు కింద, మందు కొట్టాడు. తొమ్మిదీ నలభైకి మొక్కల మధ్య పడిపోయాడు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట. గిరిధర్ గారు, పూలు కట్టలు కట్టే సమీనా ఇద్దరూ కంపెనీ జీపులో కంపెనీ క్లినిక్కుకు తీసుకెళ్ళారు. ఆయన పడిపోయిన పాలీహౌసుకు మా ఆఫీసు రెండు వందల అడుగుల దూరం. నాకు పదకొండూ ఇరవైకి చెప్పారు.

క్లినిక్కులో జరిగింది సమీనా నాకు చెప్పింది. మీరు అడిగితే మీకూ చెబుతుంది. డ్యూటీ డాక్టరు వరూధిని గారిది గుంటూరు వైపు. కొత్తగా వచ్చారు. మా నాయన తెలుగువాడని తెలిసి తెలుగులోనే అడిగారట.

"ఏం పెద్దాయనా, మందు కొడతారా?"

"కొడతానమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేండ్లాయె."

"ఈరోజు కూడా కొట్టారా?"

"పొద్దన ఆరింటి నుంచి కొడతా ఉండా. ఉండేదంతా కొట్టేసినా."

డాక్టరు గారు నవ్వి, "ఇంకేం మరి" అని రాసుకున్నారట. సమీనా ఇదంతా చెప్పి, "మీ నాయన అంత బాధలో కూడా సాఫుగా చెప్పినాడమ్మా, ఏం దాచలేదు" అంది. నిజమే. ఏమీ దాచలేదు.

గిరిధర్ గారు మంచం పక్కనే ఉన్నారు. ఆయనది హిందూపురం. మా మాటా తెలుసు, డాక్టరు మాటా తెలుసు. ఆయన జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

నేను పదకొండూ యాభైకి చేరాను. కేసు షీటులో 'మద్యపానం: రోజూ, పదకొండేళ్ళుగా, ఈరోజు ఉదయం ఆరు నుంచి' అని ఇంగ్లీషులో ఉంది. ఒక సెలైన్ ఎక్కుతోంది, అంతే. నాయన కనురెప్ప ఎత్తి చూశాను. కంటిపాప ఆవగింజంత ఉంది. తాగినవాడి కన్ను కాదది. "మేడం, ఈయన తోటలో పురుగుమందు కొడతాడు" అన్నాను. ఆమె మొహం తెల్లబోయింది. "మందు అంటే..." అని ఆగిపోయారు. వెంటనే విరుగుడు ఇంజెక్షను వెతికారు. ఆ క్లినిక్కులో లేదు. నగరంలోని పెద్దాసుపత్రిలో మధ్యాహ్నం రెండూ పదికి మొదటి ఇంజెక్షను పడింది. తొమ్మిదీ నలభై నుంచి రెండూ పది దాకా ఎంతో లెక్క వేసుకోండి. నేను రోజూ వేస్తున్నాను.

ఇప్పటికి ఐదు రోజులు. వెంటిలేటరు మీద ఉన్నాడు. తాగడని తన నోటితో చెప్పుకోలేడు.

ఆగస్టు 7 ఉదయం కంపెనీ మా అమ్మకు కాగితం ఇచ్చింది. 'తాగిన స్థితిలో పనికి వచ్చి పడిపోయినందున సంస్థకు బాధ్యత లేదు.' అమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. అమ్మ అడిగింది: "ఎవురు తాగింది?"

ఆ సాయంత్రం నాలుగున్నరకు గిరిధర్ గారు నన్ను ఆఫీసుకు పిలిపించి రిజిస్టరు నా ముందు పెట్టారు.

"ఆగస్టు కాలమ్ ఖాళీగా ఉంది. నాలుగో తారీకు వేసి ఫిలప్ చేసేయమ్మా. ఇన్‌స్పెక్షన్ రావొచ్చు."

"నాలుగో తారీకున ఎవరికీ రక్తం తీయలేదు సార్."

"ఏ నెల తీశారు? నువ్వే కదా రాస్తున్నావు. మీ నాయన పేరు పక్కన కూడా నార్మల్ అని రాయి. ఆయనకీ మంచిదే."

ఇక్కడ నా నేరం చెప్పాలి. ఫిర్యాదులో లేని నేరం.

పురుగుమందుల నియమాల ప్రకారం ఈ పని చేసేవాళ్ళను చేరేముందు ఒకసారి, తర్వాత గడువు ప్రకారం డాక్టరు పరీక్షించాలి. నరాలను దెబ్బతీసే మందులు కొట్టేవాళ్ళకు రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఎంతుందో చూడాలి. అది పడిపోతుంటే మనిషి పడిపోకముందే తెలుస్తుంది. తెలిస్తే ఆ పని ఆపించవచ్చు. మా తోటలో నేను చేరాక ఒక్కసారి కూడా ఎవరికీ రక్తం తీయలేదు. అంకెలు నేను వేశాను. ఏప్రిల్, మే, జూన్, జూలై. పద్నాలుగు మందికి. కెమిస్ట్రీ చదివాను కాబట్టి నమ్మేలా ఒక నెల రెండు పెంచి, ఒక నెల ఒకటి తగ్గించి వేశాను. మా నాయనకు మాత్రం అందరికన్నా ఒకటి ఎక్కువే వేసేదాన్ని. బాగుండాలని.

జూలై 2 ఉదయం నాయన చేతులు వణికి చొక్కా గుండీలు పట్టలేకపోయాడు. నేనే పెట్టాను. "వయసయిందిలే పాపా" అన్నాడు. ఆయన వయసు నలభై తొమ్మిది. అదే రోజు పన్నెండు గంటలకు ఆఫీసులో ఆయన పేరు పక్కన 'నార్మల్' అని రాశాను. నీలం సిరా. చేతిరాత నాది.

ఆగస్టు కూడా అలా నిండకూడదనే తీశాను. ఐదింటికి గిరిధర్ గారు ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళినప్పుడు రిజిస్టరు దుపట్టాలో చుట్టి బస్సెక్కాను. ఇన్నాళ్ళు మా ఇంట్లో రాగుల డబ్బాలో ఉంది. అందులో ఆగస్టు కాలమ్ ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ ఒక్కటే అందులో నిజం. ఇప్పుడు మీకు ఇస్తున్నాను. నలభై ఆరు పేజీలు, లెక్కపెట్టి రసీదు ఇవ్వండి. దొంగతనానికీ, దొంగ రాతకూ నా మీద కేసు పెట్టండి. ఆ రాత ఎవరు రాయమన్నారో, మంచం పక్కన ఎవరు మాట్లాడకుండా నిలబడ్డారో కూడా అదే కాగితం మీద రాయండి. మిగిలిన పదమూడు మందికి ఈ వారంలోనే రక్తం తీయించండి. వాళ్ళు ఈ ఉదయం కూడా మందు కొట్టారు.

మా నాయన తాగడు.

ఇది నాకు తెలిసిన సత్యం. ఎవరి బలవంతమూ లేదు, ఎవరూ చెప్పి రాయించలేదు. దీని కన్నడ నకలు కానిస్టేబుల్ గారు చదివి వినిపించారు. నాలుగు చోట్ల 'మందు కొట్టాడు' అన్నదానికి 'మద్యపాన మాడిద్ద' అని ఉంది. ఆయన్ను తప్పుపట్టను, ఆయనకు తెలిసిన అర్థం అదే. నాలుగు చోట్లా కొట్టేయించి 'ఔషధి హొడెద', అంటే పురుగుమందు చల్లాడు, అని రాయించాను. నాలుగు దిద్దుబాట్ల పక్కనా నా సంతకం ఉంది.

11 ఆగస్టు 2025, ఉదయం 11:35

సంతకం: నేత్రావతి

సాక్షి: సొన్నమ్మ, శ్రీనివాసప్ప భార్య. ఎడమ బొటనవేలి ముద్ర.