స్లాబుకు కట్టిన మొఖం

హలో… ఆ, నేనే బావా, రూపను. ఫోన్ పెట్టకు, జర పక్కకు రా, ఏం వినబడ్తలేదు… ఏందా చప్పుడు?… కాంక్రీటు కలిపే మిల్లరా? ఓ, ఇయ్యాల్నే గదా మీ స్లాబు. మంచిగ పోస్తున్నరా?… అక్క ఏం జేస్తుంది?… మేస్త్రీలకు చాయ్ పోస్తుందా, సరే.

బావా, ఒక్క మాట అడుగుత, కోపానికి రావద్దు.

మొన్న నీ ట్రాలీల సంతోష్‌నగర్ గోదాం కెల్లి మా గ్యాలరీకి పెట్టెలు తెచ్చినవు గదా… ఆ, ఆ స్వీడన్ ముసలామె గీసిన బొమ్మలు. శాలిబండల పాత దేవిడీకి, ఆ నవాబుల బంగ్లాకు… అన్నీ దించినవా?… అన్నీ అంటే, అన్నీ?…

లేదు బావా, నిన్నెవరు దొంగ అంటలేరు. ఎవరన్నా అంటే నేనూరుకుంటనా… గది కాదు. పొద్దుగూకంగనే ఇక్కడ ఆమె బొమ్మల ఎగ్జిబిషన్ మొదలైతది. ఆమె చిన్నప్పటిసంది గీసినయి వరుసగ గోడలకు పెట్టినం, మొట్టమొదటి దాని కాడికెల్లి మొన్నమొన్న గీసిన దాని దాంక. ఆ మొట్టమొదటిదే లేదు. గోడకు మొల ఉన్నది, కింద పేరు చీటీ ఉన్నది, బొమ్మ లేదు. శ్రీహరిరావు సార్… మా గ్యాలరీ సారే, కాకినాడాయన… ఆయన గంట సేపాయె, ఆ మొల దిక్కే చూసుకుంట కూసున్నడు. పెట్టెలు చూసుకొని దింపుకునుడు నా పని. ఇగ సమజైందా నా గతి?

చిన్నది బావా. మీ టీవీ అంత ఉంటది. చెక్క మీద గీసింది. ఒక మొఖం… ఎర్రగ, పచ్చగ. కండ్లు బయటికి పొడుచుకొచ్చి, నోరు ఇంత తెరుచుకొని…

బావా?

ఏందో గొణుగుతున్నవ్, జర గట్టిగ జెప్పు.

…ఏ బొమ్మ?… దిష్టిబొమ్మా?

ఆగు. ఆగాగు, మెల్లగ జెప్పు. దాన్ని నీ పక్కన సీటు మీద పెట్టిన్రు… ఆ, దానికి పెట్టె లేకుండె, బట్టల చుట్టిచ్చిన్రు… బ్రేక్ కొడితె బట్ట ఊడింది… నువ్వు చూసినవ్… చూసి, "తెల్లోళ్ళు గూడ సామానుకు దిష్టి తగలకుండ బొమ్మ పెట్టి పంపిన్రు" అనుకున్నవ్.

నవ్వుతలేను బావా. దగ్గొస్తుంది.

…సామాను చేరినంక దాని పని అయిపోయిందనుకున్నవా. మరి నన్ను అడగొద్దా?… దిష్టిబొమ్మను ఎవరడుగుతరంటవా. అదీ నిజమే.

ఇప్పుడు యాడున్నది?…

వెదురు బొంగుకు.

మీ స్లాబు మీద, వీధి దిక్కు మొఖం పెట్టి. మంచిగుంది… నిమ్మకాయలు, మిరపకాయలు గూడ కట్టిందా అక్క? యాడ కట్టింది?… చెవి కాడ. సిమెంటు గిట్ల పడ్డదా?… గడ్డం మీద, కొంచెం. కొంచెమంటే ఎంత బావా?… సరే, వద్దు, చెప్పకు.

దించు. ఇప్పుడే దించి చీరల చుట్టి పెట్టు, నేను ఆటో పట్టుకొని వస్తున్న… దించవా? ఎందుకు దించవు?

…ఆ, యాదికున్నది. పోయినసారి సెంట్రింగ్ కూలింది… దుర్గయ్య మేస్త్రి కాలు విరిగె, నేను గూడ దవాఖానకొస్తి గదా… అప్పటిసంది ఎవ్వడు పైకెక్కలే… ఈ మొఖం కట్టినంకనే ఎక్కిన్రా? దుర్గయ్య మేస్త్రి గూడనా? ఏమన్నడు?… "దీన్ని చూస్తే దయ్యం గూడ గల్లీ మారుస్తది" అన్నడా.

మరిప్పుడు దించితే?… అందరు దిగుతరు. స్లాబు నడుమల ఆగితే అతుకు పడ్తది, ఇగ వానొచ్చినప్పుడల్ల కారుతది. సమజైంది బావా, నాకు సమజ్ కాదా. కని నా నౌకరి?… నీకు నీ స్లాబు, నాకు నా నౌకరి. ఒక్క మొఖం, ఇద్దరికి గావాలె.

లైన్ల ఉండు జర.

…సార్, దొరికిందండి… క్షేమంగానే ఉంది సార్, కాస్త ఎత్తు మీద ఉంది… మ్యూజియం కాదండి. ఇల్లండి. కడుతున్న ఇల్లు… లేదండి, లోపల కాదు, బయట… ఎందుకంటే లోపల ఇంకా లేదు సార్.

బావా, ఉన్నవా? చెప్పేసిన. ఇప్పుడు మొల దిక్కు చూసుడు బంద్ జేసి నా దిక్కు చూస్తున్నడు… తిట్టినా బాగుండు. అయ్యో, ఇగ ఆమె గూడ ఇటే వస్తుంది… ఆమెనే, గీసినామె. గున్వర్ మేడం… బతికే ఉన్నది, నీ నోట్ల మన్నువడ. ఎనభై దాటినయి, పొద్దటిసంది చెప్పులు లేకుంట దేవిడీ అంత తిరుగుతుంది. ఎందుకు నవ్వుతున్నవని అడుగుతుంది నన్ను.

ఏం జెప్పాలె?… నిజమే చెప్పాల్నా? నువ్వంటున్నవ్, మల్ల నన్ననకు.

…చెప్పిన బావా. దిష్టికి ఇంగ్లీషుల ఏమంటరో నోటికి రాలే. మా బావ ఇల్లు కడ్తున్నడు, పక్కోళ్ళ కండ్లు పడకుండ మీ బొమ్మ కట్టిండు అని చెప్పిన.

ఆమె కూసున్నది. ఉత్త నేల మీదనే… ఏడుస్తలేదు. నవ్వుతుంది. చేతులతోని మొఖం మూసుకొని నవ్వుతుంది. సార్ నీళ్ళ కోసం ఉరికిండు… లేసింది. చెప్పులు యాడున్నయని అడుగుతుంది.

బావా, ఆమె వస్తదట. మీ ఇంటికి. ఇప్పుడే.

అక్కకు జెప్పు… ఇల్లు ఊడ్వలేదంటుందా? ఇంటికి కప్పే లేదు, ఏం ఊడుస్తది. చాయ్ మిగిలిచ్చుమను చాలు.

…ఆ, ఆటో ఎక్కినం. మేడం, నేను ఎన్కాల, సార్ డ్రైవర్ పక్కన సగం బయటికున్నడు. భాయ్, జరా ఆహిస్తా, బుజుర్గ్ హై… ముసలామె ఉన్నది, మెల్లగ పొమ్మన్న… ఆమెకే లేదు బావా భయం, ఇంక జోరుగ పోనియ్యమని చేయి ఊపుతుంది. అన్నీ చూసుడే. మేకను చూస్తే మేకకు చేయి ఊపుతుంది.

ఏదో చెప్తుంది, ఉండు…

బావా, విను. ఆమె చిన్నపిల్లగున్నప్పుడు ఇంట్ల తమ్ముడు జరంతోని పోయిండట. ఇంటి సుట్టు మంచు. వాళ్ళమ్మ మల్ల నీళ్ళోసుకొని ఉన్నదట. ఈ పిల్లకు భయం వట్టింది… సావుకు తొవ్వ తెలిసిపాయె, మల్లొస్తది అని. పాత తలుపు చెక్క పీకి, ఇంట్ల మిగిలిన రంగులు పూసి, ఈ మొఖం గీసి వాకిట్ల కట్టిందట. సావు వస్తే చూసి జడుసుకొని మర్లిపోవాలె అని.

ఆ. గదే బావా. దిష్టిబొమ్మనే.

…చెల్లె పుట్టింది. ఇంక బతికే ఉన్నదట, ఇప్పటికి ఫోన్ల కొట్లాడ్తదట ఈమెతోని. మల్ల ఈమెకు పేరొచ్చినంక ఆ చెక్కను లోపలికి తీస్కపోయిన్రు. అప్పటిసంది అన్నీ లోపలి గోడలేనట, చల్లటి గదులు, అద్దాలు. బయట గాలికి మల్ల కట్టినోడు నువ్వొక్కడివే.

సార్ కండ్లు తుడుసుకుంటున్నడు. ఆటో అద్దంల కనవడ్తుంది… ఏమో, దుమ్మనే అంటడు.

ఇగో, మీ జహనుమా బస్తీకొచ్చినం. మీ గల్లీల మిల్లర్ అడ్డమున్నది, ఆటో పోదు, దిగినం. కనవడ్తున్నవ్ బావా, నెత్తికి రుమాలు… ఇటు, కిందికి చూడు. చేయి ఊపుతున్నది ఆమెనే. నమస్తే పెట్టు… రెండు చేతులు పెట్టు, ఫోన్ భుజానికి ఆనిచ్చుకో… ఆ, గట్ల. దిగకు, దిగకు, నువ్వు దిగితే మేస్త్రీలు ఆపుతరు. ఈ మిల్లర్ లొల్లిల ఫోన్లనే నయం.

చూస్తుంది బావా. మొఖాన్ని చూస్తుంది. ఎండకు చేయి అడ్డం పెట్టుకున్నది.

… ఎండల మస్తుగుంది, అంటుంది.

దించొద్దట. నేను కాదు, ఆమెనే అంటుంది, కప్పు పడేదాంక ఉండాల్సిందే, నడుమల దించితే అది చేసిన పని ఏముంటది అని… స్లాబు ఎప్పటికైతది?… దీపాలు పెట్టినంకనా? ఐతే నా పని ఖతం. ఆ యాళ్లకు గ్యాలరీల జనం నిండుతరు.

…దుర్గయ్య మేస్త్రి ఏందో ఒర్లుతున్నడు, ఏమంటున్నడు?… దించినా సరే గని, ఇంకోటి కట్టినంకనే దించాలె, బొంగు ఒక్క నిమిషం గూడ ఉత్తగ ఉండొద్దు. నాయమే. ఇంకోటి యాడికెల్లి తెస్తం?… బూడిదగుమ్మడికాయనా? అక్క కాడున్నది. ఉన్నది గని, దాని మీద మొఖం గీసేటోళ్ళు ఎవరంటవా?

బావా. నా పక్కన నిలవడ్డది ఎవరు?

ఆ. పని చూసుకో, నేను చూసుకుంట.

అక్కా, ఆ కాయ ఇటు తే. సున్నం, మసి… పసుపు, కుంకుమ గూడ తే. గిన్నెల ఇంత నూనె పోసుక రా… అక్కా, ఆమె మనసొంటిదే, ఊకె చేతులు తుడుసుకుంట నిలవడకు.

…ఇసుక కుప్ప మీద కూసున్నది బావా. కాయను ఒళ్ళె పెట్టుకున్నది చంటిపిల్లను పెట్టుకున్నట్టు. చేతి ఏళ్ళతోనే రంగు పూస్తుంది. గల్లీ అంత వచ్చింది, ఎదురింటామె పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి వచ్చిందట. సార్ సున్నం గిన్నె పట్టుకున్నడు, పెండ్లిల పళ్ళెం పట్టుకున్నట్టు.

నీ దిక్కు చూస్తుంది. మల్ల కాయ దిక్కు. మల్ల నీ దిక్కు… నువ్వు తాపీ పని మీద ఒర్లుతున్నవ్ గదా, ఒర్లు బావా, ఆపకు. నోరు ఇంకా తెరువు… ఎందుకో తర్వాత జెప్త.

అక్క గుర్తువట్టింది. కొంగు నోట్ల కుక్కుకుంటుంది.

…అయింది. పిలగాండ్లు పైకి తెస్తున్నరు, పట్టుకో. ముందు ఇది కట్టు, మల్ల అది దించు… కట్టినవా? మేస్త్రీలు ఏమంటున్నరు?… దీన్ని చూస్తే ఇంక ఎక్కువ భయమైతుందా? దుర్గయ్య మేస్త్రి ఒప్పుకున్నడా?… ఎందుకు నవ్వుతున్నరని నన్నడుగుతవా. ఈ మొఖం యాడనో చూసినట్టుందా? అద్దం చూసి ఎన్నాళ్ళాయె బావా నువ్వు?

…ఆ. నువ్వే. ఆ రుమాలు గూడ ఉన్నది చూడు, తొడిమె కాడ.

తిట్టకు, ఆమె చూస్తుంది… సార్ ఒకటి అడుగుమంటున్నడు. ఆ కాయను గ్యాలరీకి ఇస్తవా అని. మొట్టమొదటిది మాకొచ్చింది గదా, అన్నిటికన్న చివరిది మీ ఇంటి మీదున్నది… ఇయ్యవా?… ఇల్లు అయినంక గూడ ఇయ్యవా. సార్, ఇవ్వడటండి.

నా బొమ్మ దిగింది, అక్క పట్టుకొస్తుంది… అక్కా, నిమ్మకాయలు ఇప్పకు. మేడం ఉండనియ్యమంటుంది, మిరపకాయలు గూడ, గడ్డం మీద సిమెంటు గూడ. ఆ మొలకు గట్లనే తగిలిచ్చాల్నట. సార్ ఊకె తలకాయ ఊపుతున్నడు.

బావా, పెడ్తున్న. ఒక చేతుల మొఖం పట్టుకున్న, ఇంకో చేతుల మేడం చెయ్యి. ఇసుకల కాళ్ళు దిగుతున్నయి ఆమెకు… లేదు, ఇప్పుడు తిననీకె ఆగం, గ్యాలరీకి జనమొస్తరు. అక్కను, నిన్ను గ్యాలరీకి రమ్మంటుంది మేడం… స్లాబు అయినంకనే రా. రేపటిసంది స్లాబుకు నీళ్ళు వట్టు, మంచిగ వట్టు.

ఇగ ఫోన్ పట్టనీకె నాకు చెయ్యి లేదు బావా. ఉంట—