పైకప్పు తడి

తమిళనాడులోని గుడియాత్తంలో ఒక మేడ కింది అద్దె ఇంట్లో జెన్సి, బీడీలు చుట్టే వాళ్ళమ్మ, మంచం పట్టిన అవ్వ ఉంటున్నారు. ఆ రోజు అవ్వ తలగడ పక్కనే తడిసిన పైకప్పు పెచ్చు ఊడిపడింది. జెన్సి జంకుతూనే మేడెక్కి ఓనరమ్మ తలుపు తట్టింది.

"అక్కా, మీ బాత్‌రూమ్ నీళ్ళు మా అవ్వ మంచం మీద కారతా ఉండాయి."

"మీరు దినమూ బీడీ ఆకు నానేస్తారే, ఆ తేమ మాదంటావా?"

"ఆకు నానేది నేల మీద గదక్కా, తడిసింది పైకప్పు."

"అబ్బో! నోరే లేని పిల్లనుకుంటిని."

"ఒక్క దినం మీ కొళాయి కట్టేసి చూడండక్కా. అప్పుడూ కారితే మేమే ఖాళీ చేస్తాం."

అమ్మను అడగకుండానే జెన్సి ఆ మాట అనేసింది.

"ఖాళీ చేస్తారా? ఇంక కొళాయి కట్టేదెందుకు? సర్దుకోమని మీ అమ్మకు చెప్పు."

"అక్కా, అవ్వను యాడికి తీసకపోయేది..."

ఓనరమ్మ తలుపు వేసేసింది.