సాబు ముత్తాత కట్టె

పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో, ఖతార్‌లోని దుఖాన్ చమురు క్యాంపులో బట్టలుతికే అతను మధ్యాహ్నానికే పెట్టె సర్దుకున్నాడు. అమెరికా సాబుకు చాయ్ ఇచ్చి వచ్చిన వంటతను అతని మంచం అంచున కూర్చున్నాడు.

"నౌకరి పోయినట్టేనా బావా?" అని అడిగాడు బట్టలుతికే అతను.

"నువ్వు నూనె మరకల డాంగ్రీ బట్టలు బాదింది ఏ కట్టెతోనో ఎరికేనా?"

"ఆఫీసు గోడకు ఊకె యాలాడుతుంటే తీసిన. చేతికి మస్తు కుదిరింది."

"అది సాబు ముత్తాతది. వందేండ్ల కింద బేస్‌బాల్ ఆడిండట. కట్టెతోని బంతిని కొట్టుడే డ్యూటీ. దానికి జీతమిచ్చేటోళ్లట."

"బంతిని కొడితే జీతమా? అయితే పెద్ద మొనగాడే."

"ఏం మొనగాడు. ఎండకాలమంత ఆడిండట, కట్టెకు బంతి ఒక్కపారి గూడ తాకలేదట. జట్టోళ్లు ఇంటికి తోలిన్రు. ఆనక బతుకంత గుర్రాలకు గడ్డేసిండు."

బట్టలుతికే అతనికి ఆ ముత్తాత మీద జాలేసింది. తనదీ ఇప్పుడు అదే దారి.

"మరి సాబు ఏమన్నడు?"

"ఆ కట్టె దేనికన్న తాకుడు ఇదే మొదలన్నడు. ఇగో, ఉతుకుమని ఆయన ప్యాంటు ఇచ్చిండు. యల్లా, లెవ్వు. నువ్వు కొడుతుంటే దాని చప్పుడు ఇనాల్నట ఆయనకు."