నాలుగో వరుసలో పడిన మాటలు

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, నాకంటే ముందే రిటైరై నాకంటే ఆరోగ్యంగా కనిపిస్తున్న పెద్దలకు, మిషన్ రూము మిత్రులకు, ఫిర్యాదుల విభాగం అక్కచెల్లెళ్ళకు, ముందు కుర్చీలో కూర్చుని "ఐదు నిమిషాలే" అని వేళ్ళు చూపిస్తున్న మా ఆవిడకు నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ రిటైరవుతున్నాను కదా అని నేను ఈ వేదిక ఊరికే దిగను. డైరెక్టరుగారిని ఒకటి అడగాలి. ఆయన సరే అనేదాకా మైకు వదలను. భోజనాలు చల్లారిపోతే ఆ పాపం ఆయనదే. (నవ్వులు)

సోమవారం మిషన్ రూములో పాత ట్రాఫిక్ పెట్టె తీసేసి కొత్తది పెడుతున్నారు. పన్నెండేళ్ళ కిందట ఆ పాతది పెట్టింది నేనే. ఇంటివాళ్ళు కూడా వచ్చారు కాబట్టి అదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను, మా ఆవిడైతే నేను వైర్లు అమ్ముతాననే ఇప్పటికీ అనుకుంటోంది. ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే మన కంపెనీ నుంచి అది బయటికి పోయే దారి ఒక్కటే. సాయంత్రమయ్యేసరికి ఊరంతా ఒక్కసారిగా దాని మీద పడుతుంది. ఆ దారి మొదట్లో కాపలా ఉండి, నువ్వు ముందు, నువ్వు ఆగు, అని అందరినీ వరుసలు కట్టించేదే ఆ పెట్టె.

ఏ వరుస ముందు అన్నది తేల్చడానికి మీటింగు పెట్టాం. అదీ మేం చేసిన బుద్ధితక్కువ పని. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు, పాత డైరెక్టరుగారు ఆటలు ముందన్నారు, కంపెనీ లాయరుగారు ఆఫీసు ఈమెయిల్ ఉత్తరాలు ముందన్నారు, అమ్మకాల విభాగం పెద్దమనిషైతే "జనం ఇంటర్నెట్ వేగం కొలిచి చూసుకునే సైటు ఒక్కటి ముందు పెట్టండి చాలు, తక్కినవి ఎలా చచ్చినా పరవాలేదు" అన్నారు. (పెద్దగా నవ్వులు) నవ్వకండి, ఆయన ఇక్కడే ఉన్నారు. చెయ్యి కూడా ఊపుతున్నారు, సిగ్గులేకుండా.

ఆ తరవాత పెట్టె పని మొదలుపెట్టిన తొలిరోజే నా కంప్యూటరునే బయటికి గెంటే రూలొకటి రాసి, కూర్చున్న కొమ్మను నరుక్కున్నాను. సరే, నేరుగా పెట్టె దగ్గరికే పోదామని నాలుగంతస్తులు ఎక్కితే, గుర్తింపు కార్డు ఇంకో చొక్కాలో ఉండిపోయింది. పెట్టె రానివ్వదు, గార్డు రానివ్వడు. గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. మా ఆవిడ కార్డు పంపించింది, దాంతోపాటు నాలుగు మాటలూ పంపించింది.

మొత్తానికి వరుసలు నేనే వేశాను. మొదటిది ఫోన్ మాటలు, రెండోది ఉత్తరాలు, మూడోది సైట్లు, నాలుగోది వీడియో. ఆ నాలుగో వరుసకు నేను రాసిన పేరు 'వినోదం'. బొమ్మలు చూసేవాళ్ళు కాస్త ఆగితే కొంపలేం మునగవు అనుకున్నాను. మర్నాటి నుంచి ఫోన్లో మాటలు గంట కొట్టినట్టు వినబడ్డాయి. మూడు వారాల్లో ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. పాత డైరెక్టరుగారు నాకో ప్రశంసాపత్రం ఇచ్చారు, నేను దాన్ని ఫ్రేము కట్టించాను, ఆ వారం నాతో మాట్లాడటం ఎవరి తరమూ కాలేదు.



ఆ వారమే ఒకాయన మన కౌంటరు దగ్గరికి వచ్చాడు. వృత్తి దర్జీ. పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాట రాదు. ఒక కాగితం మీద తన ఇబ్బంది రాసి ఇచ్చాడు. మన వాళ్ళు అదే కాగితం వెనక ఏం రాసిచ్చారో తెలుసా? "ఫిర్యాదులు ఫోన్లో మాత్రమే" అని రాసి, కింద నంబరు వేశారు. (నవ్వులు) ఆ నవ్వు నాకూ వచ్చింది, టీకి పోతూ పక్కనే ఉన్నాను. కాగితం తిప్పి చూశాక పోయింది. "రోజూ సాయంత్రం వీడియోలో చేతులతో మాట్లాడుకుంటాం. మూడు వారాలుగా మా చేతులు మధ్యలో ఆగిపోతున్నాయి. పెళ్ళి ఆగేలా ఉంది" అని ఉంది.

పెళ్ళికూతురు మన ఇంటర్నెట్టే ఉన్న ఇంకో ఊళ్ళో బేకరీలో పని చేసేది. ఆవిడకూ వినపడదు. ఏదో చిన్న మాట పట్టింపు వచ్చింది. పోనీలే అని చెప్పడానికి ఆవిడ చెయ్యెత్తింది, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే తెర మీద ఆగిపోయింది. ఇటు ఈయనకి అది కొట్టడానికి ఎత్తినట్టు కనిపించింది! (నవ్వులు) ఈయన బతిమాలుకుంటే ఆ బతిమాలడమూ మధ్యలో ఆగింది. వాళ్ళకి వీడియో అంటే వినోదం కాదండీ, అదే ఫోను, అదే గొంతు. నేను చదువుకున్నవాణ్ణి, వాళ్ళ మాటల మీద వినోదం అని చీటీ అంటించి వరుస చివరకు నెట్టాను, పైగా దానికి ఫ్రేము కట్టించుకున్నాను. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

టీ సంగతి మరిచిపోయి పైకెళ్ళి, ఆ రెండిళ్ళ వీడియోని మొదటి వరుసలోకి మార్చాను. ఎవరినీ అడగలేదు. వీళ్ళు వాళ్ళకి చెప్పి, వాళ్ళు ఇంకొకరికి చెప్పి, ఇవాళ అలాంటి ఇళ్ళు అరవై ఒకటయ్యాయి. ఆ జాబితా ఏ ఫైల్లోనూ లేదు, పాత పెట్టెలో తప్ప. సోమవారం దానితోపాటే పోతుంది. కొత్త పెట్టె పెట్టే మా చిన్న ఇంజనీరమ్మని అడిగాను, "అమ్మా, ఈ ఒక్క జాబితా ఎక్కించు" అని. "సంతకం లేని రూలు ఎక్కించకూడదని మీరే నేర్పారు కదా సార్" అంది. తప్పు పట్టలేను, నేర్పింది నేనే, అదీ కేకలేసి మరీ నేర్పాను.

అందుకని డైరెక్టరుగారూ, ఆ సంతకం కావాలి.

(డైరెక్టరు: "కాగితం పంపించండి, చూద్దాం.")

ఇప్పటికి మూడుసార్లు పంపాను సార్. 'చూద్దాం' అంటే ఏమిటో ముప్పై ఏళ్ళ సర్వీసు చేసినవాడికి మీరు చెప్పాలా? (నవ్వులు, చప్పట్లు) నాకు చెప్పకండి. అదిగో, తలుపు పక్కన కూర్చున్నారు, దర్జీగారూ, ఆయన భార్యా. అవును, పెళ్ళయింది. పక్కనున్న దర్జీగారి మరదలు నా మాటలన్నీ చేతులతో చెబుతోంది, పాపం ఆ పిల్ల చేతులు పడిపోయేలా ఉన్నాయి. సార్, జవాబేదో వాళ్ళకి చెప్పండి. మైకు అక్కరలేదు.

(డైరెక్టరు లేచి, తలుపు వైపు చూసి, తల ఊపారు. జేబులోంచి పెన్ను తీశారు.)

కాగితం ఇదుగోండి సార్, నాలుగోది. చిన్న ఇంజనీరమ్మా, ఇంద, సంతకం పడింది, సోమవారం ఎక్కించెయ్.

ఇన్నేళ్ళు నా కోపాన్ని భరించిన మీ అందరికీ, చొక్కాలు మారినా మొగుణ్ణి మార్చని మా ఆవిడకీ కృతజ్ఞతలు. ఆఖరి మాట చెప్పి దిగుతాను.

(మైకు పక్కన పెట్టి, తలుపు వైపు తిరిగి, చేతులతో ఏదో చెప్పారు. అక్కడ ఇద్దరూ నవ్వారు.)

ఏమన్నానో తెలియక మొహాలు చూసుకుంటున్నారు కదూ? వాళ్ళని మూడు వారాలు అలా ఉంచాను. మీకు మూడు క్షణాలే.

సెలవు అన్నానండీ. మీకూ సెలవు.