ఐదు రోజుల చీటీ

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, వరంగల్ మట్టెవాడలో ఒక మందుల దుకాణం. గింజల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ భార్య నలిగిన మందుల చీటీని సేటు ముందు పెట్టింది.

"మీ ఆయనకు నడుము నొప్పి గోళీలేనా? ఎన్నియ్యాలె?"

"గోళీలకు రాలే సేటూ. డాక్టరు దీని మీద ఏం రాసిండో జర సదువు."

"పూటకొకటి, బువ్వ తిన్నంక. ఐదు రోజులు."

"ఐదు రోజులేనా? రెండేండ్ల సంది దీని మీదనే ఇచ్చుకుంట వస్తివి గదా!"

"ఆయన అడిగిండు, నేనిచ్చిన."

"రోజూ పరిగడుపున చాయతోని మింగి బస్తాలకు పోయేటోడు. తిన్నంక ఏసుకోవాలని ఒక్కనాడన్న చెప్పినవా?"

"చీటీల రాసే ఉన్నది గదమ్మా."

"మాకు సదువు రాదని నీకెరుకలేదా? నిన్న నెత్తురు కక్కిండు. ఈ గోళీలకే కడుపుల పుండయి పగిలిందని దవాఖానల చెప్పిండ్రు."

"అయ్యో! ఇప్పుడెట్లున్నడు?"

"ఆయన ముచ్చట తర్వాత. ఆయనతోని బస్తాలు మోసే ముఠాల ఇంకా పదకొండు మంది ఇదే చీటీ చూపిచ్చి నీ దగ్గర కొనుక్కపోయి మింగుతాండ్రు. వచ్చి వాళ్లకు సదివి చెప్పు, పా."

"దుకాణం ఇడిసిపెట్టి ఎట్లొస్తనమ్మా?"

"నేను పీనుగను ఇడిసిపెట్టి వచ్చిన సేటూ."